గడ్డి మందు మింగిన మనిషి మర్నాడు బాగున్నాడంటే నమ్మకండి



సార్వా దమ్ములు మొదలయ్యే ముందు గట్లు చెక్కడం మన డెల్టాలో ఆనవాయితీ. ఇప్పుడు చెక్కేవాళ్ళు ఎవరున్నారు లెండి. పార పట్టే మనిషి దొరకడు, దొరికినా ఆ కూలికి మనం తట్టుకోలేం. అందుకని ట్యాంకు వీపుకి తగిలించుకుని గట్ల మీద గడ్డి మందు కొట్టేస్తున్నాం. కొబ్బరి తోటల్లో అదే, చెరువు గట్ల మీద అదే, పుంత దారుల్లో అదే. ఈమధ్య మినుము, పెసర కోత మిషనుకి అందాలని చేను మాడ్చడానికి కూడా అదే కొడుతున్నారు. తినే గింజ మీద ఆ పనేంటో నాకైతే మింగుడు పడదు, కానీ ఆ సంగతి ఇంకోసారి రాస్తాను.

ఈ పోస్టు ఆ మందు మనిషి ఒంట్లోకి వెళితే ఏం జరుగుతుందన్న దాని గురించి. ముఖ్యంగా కిడ్నీల గురించి. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి. చదవడం రాని పెద్దవాళ్ళకి వినిపించండి.

నేను డాక్టర్ని కాదు. ఇంటర్ చదివి, కొంచెం సొంతం, కొంచెం కౌలు చేసుకునే మనిషిని. అయితే ఈ మందు గురించి డాక్టర్లు చెప్పింది విని, రాసింది చదివి, అర్థం కానిచోట మళ్ళీ అడిగి తెలుసుకున్నాను. అది మన మాటల్లో చెప్తున్నా.

ముందు మందు పేరు. పారాక్వాట్. కంపెనీకో పేరుతో అమ్ముతారు, పేర్లు చూసి లాభం లేదు. డబ్బా మీద చిన్న అక్షరాల్లో పారాక్వాట్ డైక్లోరైడ్ 24 శాతం ఎస్ఎల్ అని ఉంటుంది, అది చూడండి. మనోళ్ళు "మాడ్చే మందు" అంటారు చూశారా, అదే. గ్లైఫోసేట్ వేరు. అది వేరుదాకా వెళ్ళి నిదానంగా చంపుతుంది, ఇది తగిలినచోట మాడ్చేస్తుంది. గ్లైఫోసేట్ కూడా ఎక్కువ మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి, ప్రాణాలూ పోతాయి. 2022 అక్టోబరులో కేంద్రం దాన్ని పెస్ట్ కంట్రోల్ వాళ్ళు తప్ప ఎవరూ కొట్టకూడదని గెజిట్ ఇచ్చింది. మన పొలాల్లో ఆ గెజిట్ ఎంతమాత్రం అమలవుతోందో మీకే తెలుసు. నేనివాళ చెప్పేది పారాక్వాట్ సంగతి.

దీని డబ్బా మీద త్రికోణం పసుపు రంగులో ఉంటుంది. ఎరుపైతే ఘోరమైన విషం, పసుపు కాస్త తక్కువ, నీలం ఇంకా తక్కువ, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ, ఇదీ లెక్క. మనోళ్ళు పసుపు చూసి "పర్లేదులే, ఎరుపు కాదుగా" అనుకుంటారు. ఆ లెక్క ఎలకల మీద ఎంత మోతాదుకి చచ్చాయో చూసి వేసినది. మనిషికి వైద్యం ఉందా లేదా అన్నది ఆ రంగులో ఉండదు. మోనోక్రోటోఫాస్ ఎరుపు డబ్బా, కానీ దానికి విరుగుడు ఉంది. అట్రోపిన్ సూది సమయానికి పడితే బతికి బయటపడినోళ్ళు ఊరికొకరైనా ఉంటారు. పసుపు డబ్బా పారాక్వాట్‌కి విరుగుడు లేదు. అమెరికా తీసుకెళ్ళినా లేదు.

ఇది గడ్డిని ఎలా మాడుస్తుందో తెలిస్తే మనిషిని ఎలా చంపుతుందో తెలుస్తుంది. ఆకు ఎండలో శక్తిని పట్టుకుని ఆహారం చేసుకుంటుంది కదా. ఈ మందు ఆ శక్తిని మధ్యదారిలో లాగేసుకుని ఆక్సిజన్ మీదకి తోలేస్తుంది. మంచి ఆక్సిజన్ కాస్తా నిప్పులాంటి రూపంలోకి మారి ఆకు కణాల గోడల్ని కాల్చేస్తుంది. ఎండ బాగా కాసిన రోజు కొడితే సాయంత్రానికే గడ్డి వాడిపోయేది అందుకే. ఇంకో సంగతి, ఈ మందు ఒకసారి కాల్చాక ఖర్చయిపోదు. మళ్ళీ మొదటికొచ్చి మళ్ళీ కాలుస్తుంది. మనిషి ఒంట్లో ఎండ అక్కర్లేదు, కణాల్లో ఎప్పుడూ తిరిగే శక్తి చాలు. కిడ్నీలో, లివర్లో, ఊపిరితిత్తుల్లో ఆ మంటే.

ఇక్కడే కిడ్నీల సంగతి వస్తుంది.

రక్తంలోకి చేరిన పారాక్వాట్‌ని బయటికి పంపేది దాదాపుగా కిడ్నీలే. అవి బాగా పనిచేస్తుంటే రక్తంలో చేరినదాంట్లో చాలా భాగం మొదటి రోజులోనే మూత్రంలో కొట్టుకుపోతుంది. కానీ వచ్చిన చిక్కేంటంటే, బయటికి తోసే ఆ దారినే ఈ మందు కాల్చేస్తుంది. మన చేలకి మురుగు కాలువ ఎలాంటిదో ఒంటికి కిడ్నీ అలాంటిది. యనమదుర్రు డ్రైన్ పూడుకుపోయిన ఏడాది చేల గతి ఏమయిందో చూశాం కదా. వాన పడటం ఆగినా నీళ్ళు దిగవు, చేను మురిగి కుళ్ళిపోతుంది. ఇదీ అంతే. కిడ్నీలోని సన్నటి గొట్టాలు దెబ్బతిని మూత్రం తగ్గిపోతుంది, పోవాల్సిన విషం రక్తంలోనే నిలబడిపోతుంది. నిలబడిన విషాన్ని ఊపిరితిత్తులు లాక్కుంటాయి. ఊరికే చేరడం కాదండి, పనిగట్టుకుని లాక్కుంటాయి. ఒంటికి కావాల్సిన కొన్ని పదార్థాలని లోపలికి తీసుకునే ద్వారాలు ఊపిరితిత్తుల కణాలకి ఉంటాయట, ఈ మందు ఆకారం ఆ పదార్థాల్లా ఉండటంతో అవి మోసపోయి దీన్ని లోపలికి రానిస్తాయి. రక్తంలో ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు అక్కడ పోగవుతుంది. ఆ తర్వాత ఊపిరితిత్తులు కాయ కట్టినట్టు గట్టిపడిపోతాయి.

కిడ్నీ ఎన్ని గంటలు నిలబడింది అన్నదాన్ని బట్టే ఊపిరితిత్తులకి ఎంత విషం చేరుతుందో ఉంటుంది. అందుకే మొదటి గంటలకి అంత విలువ.

కానీ మన ఊళ్ళల్లో పోగొట్టుకునేది సరిగ్గా ఆ గంటలే. ఎందుకంటే మనిషి బాగుంటాడు. పురుగు మందు మింగితే నురగలు కక్కుతాడు, స్పృహ తప్పుతాడు, చూసినవాళ్ళు గుండెలు బాదుకుని పరిగెత్తుతారు. గడ్డి మందు మింగినోడు నాలుగు వాంతులు చేసుకుని లేచి కూర్చుంటాడు. మాట్లాడతాడు, నడుస్తాడు, టీ అడుగుతాడు.

మాకు చుట్టరికం ఉన్న ఒక ఊళ్ళో జరిగింది చెప్తాను, ఊరి పేరు వద్దు. చేలో మందు కొట్టడానికి వచ్చిన కూలి మనిషి, నలభై లోపు వయసు. లీటరు డబ్బా మోయడం ఎందుకని ఎవరో కాస్త మందు కూల్ డ్రింకు సీసాలో పోసి గట్టు మీద పెట్టారు. దాహమేసి ఆ సీసా ఎత్తాడు. నోట్లో పడగానే తెలిసిపోయి ఉమ్మేశాడు. కొంచెం గొంతు దిగింది. "ఉమ్మేశానండి బాబూ, ఏం కాదు" అని నోరు పుక్కిలించి మధ్యాహ్నం దాకా పనిచేశాడు కూడా. రాత్రి అన్నం తిన్నాడు. మర్నాడు నాలిక మంట. మూడో రోజుకి నోరు, గొంతు పుళ్ళు పడి నీళ్ళు మింగలేకపోయాడు. ఊళ్ళో నొప్పి సూది పొడిపించుకున్నాడు. నాలుగో రోజు మూత్రం సరిగ్గా రావట్లేదని భార్యకి చెప్పాడు. అప్పుడు ఆస్పత్రికి తీసుకెళితే క్రియాటినిన్ బాగా పెరిగిందని చెప్పి పెద్ద ఊరికి పంపారు. డయాలసిస్ చేశారు, ఒకసారి కాదు, చాలాసార్లు. పదిరోజులు దాటాక మూత్రం రావడం మొదలైంది, క్రియాటినిన్ దిగుతోందని చెప్పారు. ఇంట్లోవాళ్ళు గండం గడిచిందని మొక్కు తీర్చుకోవడానికి కొబ్బరికాయలు కూడా కొన్నారు. అప్పుడే ఆయాసం మొదలైంది. మూడో వారంలో పోయాడు. కిడ్నీలు కోలుకుంటుండగా ఊపిరితిత్తుల వల్ల పోయాడు.

ఇది వింత కేసేం కాదు. డాక్టర్లని అడిగితే ఈ మందు నడిచే దారే ఇది అంటారు. ఎక్కువ పడితే కొన్ని రోజుల్లోనే అన్ని అవయవాలూ ఒకేసారి పడిపోతాయి. కొంచెం పడితే ముందు నోరు, తర్వాత కిడ్నీలు, ఆ వెనక ఊపిరితిత్తులు. బతికి బయటపడిన వాళ్ళలో కిడ్నీలు చాలావరకు మళ్ళీ మామూలుకి వస్తాయి, జీవితాంతం డయాలసిస్ అక్కర్లేకపోవచ్చు. ఊపిరితిత్తులకి ఆ అదృష్టం తక్కువ.

అందుకే "డయాలసిస్ చేయిస్తున్నాం కదా, విషం కడిగేస్తున్నారు" అన్న ధైర్యం పనికిరాదు. కిడ్నీ పనిచేయనన్నాళ్ళు ఒంట్లో ఉప్పులు, నీళ్ళు, చెడు పదార్థాలు పేరుకుని మనిషి పోకుండా డయాలసిస్ నిలబెడుతుంది. కిడ్నీ తేరుకునేదాకా అది కావాల్సిందే. కానీ మూడో రోజు, నాలుగో రోజు చేసే డయాలసిస్ అప్పటికే ఊపిరితిత్తుల్లో చేరిన మందుని వెనక్కి లాగలేదు. రక్తాన్ని బొగ్గు గొట్టంలోంచి పంపి వడకట్టే పద్ధతి ఇంకోటుంది, హీమోపెర్ఫ్యూజన్ అంటారు. అది మొదటి కొద్ది గంటల్లో చేస్తేనే ఏమన్నా ఉపయోగం, అప్పుడు కూడా గ్యారంటీ లేదు.

మరి ఏం పనిచేస్తుంది? ఇక్కడ మన రైతులకి బాగా తెలిసిన సంగతే వైద్యం అయింది. ట్యాంకులో బురద నీళ్ళు పోసి ఈ మందు కలిపితే గడ్డి చావదు. అందుకే డీలరు "తేట నీళ్ళు వాడండి" అంటాడు. బంకమట్టి రేణువులు ఈ మందుని అంటుకుని వదలవు, నేలలో పడగానే దీని పని అయిపోవడానికీ కారణం అదే. ఆస్పత్రిలో మొదట చేసేది కూడా ఇదే. యాక్టివేటెడ్ చార్కోల్ అనే బొగ్గు పొడి గానీ, ఫుల్లర్స్ ఎర్త్, అంటే మన ముల్తానీ మట్టి లాంటిది గానీ నీళ్ళలో కలిపి తాగిస్తారు. కడుపులో ఉన్న మందు రక్తంలోకి పోకుండా దానికి అంటుకుని కిందకి పోతుంది. కానీ ఈ మందు రక్తంలోకి చాలా తొందరగా చేరుతుంది, రెండు మూడు గంటల్లోనే పతాకస్థాయికి పోతుంది. కాబట్టి ఆ బొగ్గు పొడి మొదటి గంటలో పడటం వేరు, ఆరు గంటల తర్వాత పడటం వేరు. ఇంట్లో మట్టి కలిపి పోస్తూ కూర్చోమని కాదు నేను చెప్పేది. బండెక్కించండి అని చెప్తున్నా. పెనుగొండ నుంచి తణుకు ఎంతసేపు, పాలకొల్లు ఎంతసేపు?

ఎవరన్నా ఈ మందు మింగారని తెలిస్తే, పొరపాటున కానీ కోపంలో కానీ, ఒక్క గుక్కే కానీ, ఉమ్మేశామన్నా సరే, వెంటనే 108 కి కొట్టండి, లేదా చేతికందిన బండి మీద తీసుకెళ్ళండి. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకండి. ఇది గొంతుని కాల్చే మందు, వాంతితో రెండోసారి కాలుతుంది, పొరబోతే నేరుగా ఊపిరితిత్తుల్లోకే. మందు డబ్బా వెంట తీసుకెళ్ళండి. ఎన్నింటికి మింగాడో గుర్తుపెట్టుకుని చెప్పండి. "ఏదో గడ్డి మందండి" అనకండి, పారాక్వాట్ అని పేరు పెట్టి చెప్పండి.

పేరు చెప్పడం ఎందుకంత ముఖ్యమో కూడా చెప్తాను. మామూలుగా ఏ రోగి వచ్చినా ముందు ఆక్సిజన్ పెడతారు. ఈ మందు ఒంట్లో ఉన్నప్పుడు అవసరం లేకుండా పెట్టిన ఆక్సిజన్ ఊపిరితిత్తుల్లో ఆ మంటకి నూనె పోసినట్టు. అందుకని రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోతే తప్ప డాక్టర్లు పెట్టరు. ఈ సంగతి తెలియక మన చుట్టాలు "ఆక్సిజన్ కూడా పెట్టకుండా చంపేస్తున్నారు" అని డాక్టర్ల మీద గొడవకి దిగుతారు. ఎప్పుడు పెట్టాలో, ఎంత పెట్టాలో వాళ్ళకి వదిలేయండి.

అలాగే నొప్పి మాత్రలు, నొప్పి సూదులు. గొంతు మంటకి ఎవరో ఒకరు డైక్లోఫెనాక్ పొడిచేస్తారు. దెబ్బతిన్న కిడ్నీ మీద అది ఇంకో దెబ్బ. ఈ ఒక్క ముక్క మన ఊళ్ళల్లో సూదులేసే వాళ్ళందరికీ తెలియాలి.

మింగాడో లేదో అనుమానంగా ఉంటే తేల్చుకోవడానికి చాలా చవకైన పరీక్ష ఉంది. కాస్త మూత్రం తీసుకుని అందులో సోడా లాంటి క్షారం, సోడియం డైథయోనైట్ అనే పొడి వేస్తే, మందు ఉంటే నీలం రంగుకి తిరుగుతుంది. ఎంత ముదురు నీలమైతే అంత ప్రమాదం. దీనికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఈ పొడి ఒక సీసా, బొగ్గు పొడి నాలుగు ప్యాకెట్లు ఉంచితే ప్రభుత్వానికి అయ్యే ఖర్చు ఎంత? ఈ మందు అమ్మే కొట్లున్న ప్రతి మండలంలో అవి ఉండాలని అడగడం మన హక్కు. విషం ఊరూరా దొరుకుతున్నప్పుడు దాన్ని కనిపెట్టే పొడి జిల్లా కేంద్రంలో ఉంటే ఏం లాభం.

ఆస్పత్రిలో చేరాక కిడ్నీలకి నెత్తురు, నీరు సరిగ్గా అందేలా సెలైన్ పెడతారు, అదీ కొలిచి. మూత్రం ఎంత వస్తోందో గంటగంటకీ చూస్తారు. క్రియాటినిన్, పొటాషియం రోజూ చూస్తారు. స్టెరాయిడ్లు, సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఇవ్వడం కూడా చాలాచోట్ల ఉంది. శ్రీలంకలో దాన్ని పెద్ద ఎత్తున పరీక్షించి చూస్తే చావులు తగ్గలేదని తేలింది. నేను ఇది ఎందుకు రాస్తున్నానంటే, వారాల తరబడి లక్షలు పోసి, ఉన్న అరెకరం అమ్ముకున్న కుటుంబాలున్నాయి. చూపించొద్దు అనడం లేదు. చిన్న మోతాదు పడి, తొందరగా చేరిన వాళ్ళు బతుకుతున్నారు, ఆశ వదలొద్దు. కానీ "ఈ మందు దేనికండి, దీనివల్ల ఎంత ఉపయోగం" అని డాక్టరు గారిని అడగడానికి మొహమాటపడకండి. మంచి డాక్టరు ఉన్నదున్నట్టు చెప్తారు.

మధ్యలో ఒక మాట. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకీ దీనికీ ముడిపెట్టి వాట్సాప్‌లో తిప్పుతున్నారు. అది వేరండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వచ్చేది ఏళ్ళ తరబడి నెమ్మదిగా కిడ్నీలు పాడయ్యే జబ్బు. దానికి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అందుకనే పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం పెట్టారు. నేను చెప్పేది రోజుల్లో కిడ్నీని కాల్చేసే విషం గురించి, దీని కారణం డబ్బా మీదే రాసి ఉంది.

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తాను, కోపం తెచ్చుకోకండి. వైద్యం చేతిలో ఇంత తక్కువ ఉన్న మందు మన ఇళ్ళల్లో ఉండకూడదు. జాగ్రత్తగా వాడదాం, పైన పెడదాం, తాళం వేద్దాం అంటారు. తాళం మంచిదే, చిన్నపిల్లలున్న ఇంట్లో తప్పనిసరి. కానీ శ్రీలంకలో 180 ఊళ్ళు తీసుకుని, కొన్ని ఊళ్ళల్లో ఇంటింటికీ తాళం పెట్టెలు పంచి ఏళ్ళపాటు చూశారు. మందు మింగే కేసులు తగ్గలేదు. ఎందుకు తగ్గుతాయండి? కోపం వచ్చినోడికి తాళంచెవి ఎక్కడుందో తెలియదా? అదే శ్రీలంక 2008 నుంచి మూడేళ్ళల్లో పారాక్వాట్‌ని దశలవారీగా ఆపేసింది. దక్షిణ కొరియా 2011లో రిజిస్ట్రేషన్ రద్దు చేసి మర్నాటి ఏడు అమ్మకం ఆపింది. రెండేళ్ళు తిరిగేసరికి అక్కడ పురుగుమందుల ఆత్మహత్యలు దాదాపు సగానికి పడిపోయాయి. మనిషికి వచ్చే క్షణికావేశం ఏ దేశంలోనైనా ఒకటే. ఆ క్షణంలో చేతికి అందింది ఏంటన్నదే తేడా. తేరుకున్నాక బతకాలనుకునే వాళ్ళే ఎక్కువ. ఈ మందు మాత్రం ఆ రెండో అవకాశం ఇవ్వదు. పూర్తి స్పృహలో ఉండి, పిల్లల్ని చూస్తూ, "నన్ను బతికించండి" అని అడుగుతూ పోతారు.

మనసు బాగోలేని వాళ్ళు ఎవరన్నా ఇది చదువుతుంటే 14416 కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అంటారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అడగరు. లేదా పక్కింటి మనిషితోనైనా చెప్పుకోండి. కౌలు అప్పుకైనా, ఇంటి గొడవకైనా ఏదో ఒక దారి ఉంటుంది.

చైనా 2016లో తన దేశంలో ఈ ద్రావణం అమ్మకం ఆపేసింది. యూరప్ 2007లో, థాయిలాండ్, బ్రెజిల్ 2020లో ఆపేశాయి. ఇంకో వింత చూడండి, తమ పొలాల్లో వద్దన్న తర్వాత కూడా ఇంగ్లండులో దీన్ని తయారుచేసి బయటి దేశాలకి పంపారు. వాళ్ళ గడ్డికి పనికిరాని మందు మన గడ్డికి పనికొచ్చింది మరి. మన దేశంలో కేరళ 2011లోనే ఆపేసింది. ఒడిశాలో బుర్లా మెడికల్ కాలేజీ డాక్టర్లు వరసగా చావులు చూసి తట్టుకోలేక 2019లో నిరాహార దీక్షకి కూర్చున్నారు. జీతాల కోసం కాదు, ఈ మందు ఆపమని. రోగిని బతికించడం మా వల్ల కాదు, మందే ఆపండి అని డాక్టర్లే రోడ్డెక్కారంటే ఆలోచించండి. 2023లో ఒడిశా ప్రభుత్వం 60 రోజులు నిషేధించింది. 60 రోజులే ఎందుకంటే, 1968 నాటి పురుగుమందుల చట్టంలో రాష్ట్రం తనంతట తాను ఆపగలిగింది అంతే, ఇంకో 30 రోజులు పొడిగించుకోవచ్చు. శాశ్వతంగా ఆపాల్సింది కేంద్రం. తెలంగాణలో డాక్టర్లు కూడా అడుగుతున్నారు. అడగనిది మనమే, రైతులం. మనం అడగం కాబట్టి "రైతులకి ఇది అవసరం" అని మన పేరు చెప్పి అమ్ముకుంటున్నారు.

నిజంగా అంత అవసరమా? మనది వరి దేశం. ఊడ్చిన చేలో ఊదకి, తుంగకి కొట్టే మందులు వేరు. ప్రెటిలాక్లోర్, బిస్‌పైరిబాక్ లాంటివి. పారాక్వాట్ వరి మీద పడితే వరే మాడిపోతుంది. అంటే మన పంటలో కలుపు దీనిమీద ఆధారపడి లేదు. ఆధారపడింది గట్లు, తోటలు, దమ్ముకి ముందు చేలు. దమ్ముకి ముందు గడ్డిని నీళ్ళు పెట్టి తొక్కించేస్తే కుళ్ళి ఎరువైపోతుంది, మన తాతలు చేసింది అదే. కొబ్బరి తోటలో కలుపు తీసే మిషను ఒక్క పూటలో ఎకరం పైన లాగేస్తుంది. నలుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కుంటే ఖర్చు పంచుకోవచ్చు. గట్ల సంగతి ఒప్పుకుంటాను, అది కష్టమే. పార పని చేసే చేతులు కరువయ్యాయి. మనిషి కూలికి అటూ ఇటూగా లీటరు డబ్బా వచ్చేస్తుంటే కొడవలి పట్టమని చెప్పడం తేలిక, పట్టడం కాదు. కౌలు రైతుకి మరీ కష్టం. అయితే మందు కొట్టిన గట్టు ఏమవుతుందో కూడా చూడండి. పైన గడ్డి మాడిపోయి మట్టి బయటపడితే, పెద్ద వానకి గట్టు జారి బోదెలో పడొచ్చు. ఆ గట్టు మళ్ళీ వేయడానికి పట్టే కూలి ఎవరూ మందు లెక్కలో రాయరు.

గట్ల మీద కంది వేసేవాళ్ళు మన చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. కంది గుబురెక్కితే కింద గడ్డి అంతగా రాదు, ఇంటికి పప్పు వస్తుంది. ఎలకలు పెరుగుతాయని కొందరంటారు, అది కూడా నిజమే కావచ్చు, చూసుకోవాలి. మార్టేరు పరిశోధన కేంద్రం మనకి ఇంత దగ్గర ఉంది. వరి వంగడాలు దేశానికి ఇచ్చిన చోటు అది. మందు లేకుండా డెల్టా గట్లు ఎలా కాపాడుకోవాలో చూపించమని అక్కడి శాస్త్రవేత్తల్ని మనం అడగాలి. రైతు సేవా కేంద్రాల్లో అడగాలి, గ్రామసభలో అడగాలి.

ఈ లోపల, ఎవరికి తప్పక వాడుతున్నారో వాళ్ళకి. కారే ట్యాంకు వీపుకి తగిలించుకోకండి. బాగున్న చర్మంలోంచి ఈ మందు పెద్దగా దిగదు గానీ, గీసుకుపోయిన చోట, పుండు ఉన్నచోట, తడిసిన బట్ట గంటల తరబడి ఒంటికి అంటుకున్నచోట దిగుతుంది. అలా పోయినవాళ్ళు కూడా ఉన్నారు. తడిస్తే వెంటనే చొక్కా విప్పేసి కడుక్కోండి. కంట్లో పడితే పావుగంట పైగా నీళ్ళతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కావాల్సినంతే కొనండి, మిగిలిన డబ్బా ఇంటికి తేకండి. వేరే సీసాలో పోయకండి. కూల్ డ్రింకు సీసాలో అసలు పోయకండి, పక్క రైతు పోస్తుంటే లాక్కోండి, తిట్టినా పర్లేదు.

ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల సమాచార కేంద్రం ఉంది, ఫోన్ 1800 116 117, డబ్బులు పడవు. అక్కడ డాక్టర్లు ఉంటారు. మన ఊరి ఆరోగ్య కేంద్రం గోడ మీద, మందుల కొట్టు గోడ మీద ఈ నంబరు రాయించండి. మా ఊళ్ళో నేను రాయిస్తాను.

ఇంక మీరు చెప్పండి. గట్ల మీద కంది గానీ, మినుము గానీ వేసి నిలబెట్టుకున్న వాళ్ళు ఎంతమంది ఉన్నారు? ఎన్ని గింజలు వచ్చాయి, ఎలకల సంగతేంటి? ఏ రకం వేశారు, ఎప్పుడు విత్తారు, ఉన్నదున్నట్టు రాయండి. ఈ సార్వాకి నేను రెండు గట్ల మీద వేద్దామనుకుంటున్నాను.